టైగర్ నోటి పుండు నేర్పిన పాఠం



ఈ వారం వాక్యధ్యానానికి ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి రాస్తున్నాము. ఆదివారం మందిరానికి వచ్చే వారందరికీ టైగర్ తెలుసు. గేటు పక్కన వేపచెట్టు కింద పడుకొని అందరి చెప్పులకూ కాపలా కాసే గోధుమరంగు కుక్క. 5 ఏళ్ల క్రితం ఒక వానరాత్రి మా అరుగు ఎక్కింది. మేము తెచ్చుకోలేదు, అదే వచ్చింది.

పోయిన వేసవిలో దాని ముక్కు అంచున, పెదవుల మీద చర్మం లేచిపోయి ఎర్రగా కనబడింది. వీధికుక్కలతో కాట్లాడి ఉంటుందిలే అనుకున్నాము. 10 రోజులు గడిచేసరికి కళ్ల చుట్టూ, గోళ్ల మొదళ్లలో కూడా పుండ్లు. అన్నం పెడితే ఆశగా వస్తుంది, ఒక ముద్ద నోట పెట్టుకుంటుంది, మూలిగి వదిలేస్తుంది. దగ్గరకు వెళితే నోటి నుంచి కుళ్లు వాసన.

చూసిన వారంతా “గజ్జి” అన్నారు. మేమూ గజ్జే అనుకున్నాము. వేపనూనె, పసుపు కలిపి రాశాము. తగ్గలేదు. ఎవరో చెబితే మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి ఒళ్లంతా పూశాము. మన ఊళ్లలో గజ్జి కుక్కకు అదే మందంటారు. కుక్క తన ఒళ్లు తానే నాకుకుంటుందని, ఆ విషమంతా కడుపులోకి పోతుందని మాకు తోచలేదు. ఆ రాత్రంతా వాంతులు చేసుకుంది. పచ్చి పుండ్ల మీద ఆ ఆయిల్ పూసింది మా చేతులే. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తర్వాత పశువులకు సూదులు వేసే ఒకాయనను పిలిచాము. ఆయన రెండు సూదులు వేశారు. ఏం మందని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. 3 రోజుల్లో పుండ్లు ఆరిపోయాయి. కుటుంబ ప్రార్థనలో స్తోత్రాలు చెల్లించాము. 2 వారాలకు పుండ్లు మళ్లీ వచ్చాయి, ముందటికంటే ఎక్కువగా. ఈసారి నోటి నుంచి చొంగ కారడం మొదలైంది.

చొంగ కార్చే కుక్కంటే ఊరికి ఒకటే అర్థం. “ఏటి అయ్యగోరూ, పిచ్చికుక్కని గుమ్మంలో కట్టుకుంటారేటి? పిల్లలు తిరిగే జాగా” అంటూ నలుగురు కర్రలు పట్టుకొని వచ్చారు. వారి భయం తప్పు కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు దాదాపు లేదు. పైగా టైగర్‌కు అప్పటిదాకా ఆ టీకా వేయించలేదు, అది మా నిర్లక్ష్యమే. “2 రోజులు గడువివ్వండి, తేలకపోతే మీరన్నట్టే చేద్దాం” అని బతిమాలి, పెరట్లో గొలుసుతో కట్టాము. అలా మాట ఇచ్చాము గాని, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పశువుల ఆసుపత్రి డాక్టరమ్మగారు వచ్చి దూరం నుంచే చాలాసేపు చూశారు. ఎన్నాళ్లయిందని అడిగారు. 2 నెలలన్నాము. “రేబిస్ లక్షణాలు కనబడిన కుక్క సాధారణంగా 10 రోజుల లోపే చనిపోతుందండి. ఇది 2 నెలలుగా నీళ్లు తాగుతూ, మిమ్మల్ని గుర్తుపడుతూ ఉంది. అది కాకపోవచ్చు. అయినా ప్రాణాలతో పందెం వద్దు. నోట్లో చేతులు పెట్టిన వారు టీకా వేయించుకోండి” అన్నారు. మేము, అమ్మగారు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు సూదులు వేయించుకున్నాము. ఊరివారికి డాక్టరమ్మగారే నచ్చజెప్పి, మమ్మల్ని గరివిడి పశువైద్య కళాశాలకు వెళ్లమన్నారు.

బస్సులో ఎక్కించుకోరు కాబట్టి ఆటో మాట్లాడుకున్నాము. అక్కడ బ్లేడుతో చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూశారు, గజ్జి పురుగులు లేవు. శిలీంధ్రం లేదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరమేమోనని రక్తం తీశారు, కాదు. మూత్రపిండాలు చెడినా నోరు పుండవుతుందట, అవీ బాగానే ఉన్నాయి. సాయంత్రానికి ఆ యువ డాక్టరుగారు “ఇదేమిటో ఇంకా తెలియదండి” అన్నారు.

మాకు కోపం వచ్చింది. ఇంత డబ్బు, ఇంత దూరం, చివరకు తెలియదంటారా? తిరుగు ప్రయాణంలో ఆలోచిస్తే వేరేగా అనిపించింది. అప్పటిదాకా అందరికీ తెలుసు. గజ్జి అన్నవారికి తెలుసు, పిచ్చి అన్నవారికి తెలుసు, ఆయిల్ పూసిన మాకూ తెలుసు. తెలియదన్నది ఆయనొక్కరే. నోరు తెరిపించి, లైటు వేసి నిజంగా వెతికింది కూడా వారే.

ముందు వేసిన సూదుల్లో స్టెరాయిడ్ ఉండి ఉండవచ్చని, అది లోపలి జబ్బును కొన్నాళ్లు కప్పేస్తుందని ఆయన చెప్పారు. కొంతకాలం ఆగి, కొత్తగా లేచిన పొక్కు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. జవాబు వచ్చింది: పెంఫిగస్ వల్గారిస్. కుక్కల్లో అరుదైన జబ్బు. చర్మంలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే బంధాన్ని శరీరపు రక్షణశక్తే శత్రువనుకొని తెంపేస్తుందట, గోడలో ఇటుకల మధ్య సిమెంటు రాలిపోయినట్టు. అంటువ్యాధి కాదు. మందు మళ్లీ స్టెరాయిడే, ప్రెడ్నిసొలోన్ మాత్రలు. కాని జబ్బు పేరు తెలిసి, బరువును బట్టి కొలిచి, నెలల తరబడి వాడుతూ, కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపకూడదు. అదే మందు తెలియక 3 రోజులు వాడితే మోసం చేసింది, తెలిసి వాడితే మేలు చేసింది.

ప్రియులారా, అసలు చెప్పవలసింది ఇప్పుడు.

ఆ నెలల్లోనే మన సంఘంలో ఒక మామ్మ ప్రతి ఆదివారం ప్రార్థన చేయించుకునేది. “నోరు మంటగుంది బాబూ, కూడు దిగట్నేదు” అనేది. మేము తలమీద చేయి ఉంచి ప్రార్థించేవారము. ఒకసారి బి కాంప్లెక్స్ మాత్రలు కూడా ఇచ్చాము. ఒక రాత్రి టైగర్ నోరు తెరిచి మాత్ర వేస్తుంటే టార్చి పట్టుకున్న అమ్మగారు, “కుక్క నోరు రోజూ చూస్తున్నాం. మామ్మ నోరు ఒక్కసారైనా చూశామా అండీ?” అని అడిగారు.

చూడలేదు. ఒక్కసారి కూడా.

తెల్లారగానే ఇద్దరమూ వెళ్లాము. మామ్మ సిగ్గుపడుతూ నోరు తెరిచింది. అంగిలి మీద తెల్లని మచ్చ, మధ్యలో ఎర్రని పుండు. మామ్మ చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట కాలే కొన నోటి లోపల పెట్టుకొని. మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పాతతరం ఆడవారిలో ఉన్న అలవాటే. ఆ వేడికి అంగిలి ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది, అది కేన్సరుకు దారి తీయవచ్చు. విశాఖపట్నం తీసుకెళ్లాము. అక్కడా ఒక ముక్క తీసి పరీక్షకు పంపారు. కేన్సరు ఇంకా కాలేదట, కాని ఆ దారిలో ఉందట. చుట్ట మానేసి, చెప్పిన గడువులకు వచ్చి చూపించుకోవాలన్నారు. మామ్మ అనుమతితోనే ఇది రాస్తున్నాము. మానేశానంటుంది గాని, కొంగు ముడిలో ఇంకా ఒకటి ఉందని మా అనుమానం.

యోబు ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్నప్పుడు స్నేహితులు వచ్చి 7 రోజులు మౌనంగా అతనితో కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదే. తర్వాత నోరు తెరిచి, నీ పాపం వల్లే అని జబ్బుకు పేరు పెట్టారు. దేవుడు చివరకు వారిని గద్దించాడు. మేమూ ఎందరి విషయంలో అలా పేరు పెట్టామో! విశ్వాసం తక్కువన్నాము, దురాత్మ అన్నాము, వయసు మీద పడిందన్నాము. ప్రార్థన తప్పు కాదు, ఇకమీదటా చేస్తాము. కాని కళ్లు మూసుకొని ప్రార్థించే ముందు కళ్లు తెరిచి చూడవలసిన బాధ్యత ఒకటి ఉంది. దాన్ని మేము ఎగవేశాము. అందుకు సంఘం ఎదుట క్షమాపణ కోరుతున్నాము.

టైగర్ పూర్తిగా బాగుపడలేదు. మాత్రల వల్ల నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఆకలి ఎక్కువైంది, ముక్కు మీద మచ్చ అలాగే ఉంది. కాని అన్నం తింటోంది, మళ్లీ చెప్పుల దగ్గర పడుకుంటోంది. రేబిస్ టీకా వేయించాము. మీ కుక్కలకూ వేయించండి. ఇంట్లో ఎవరికైనా నోటి పుండు 2 వారాలు దాటినా మానకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తోడు లేకపోతే మాకు చెప్పండి, వస్తాము. ప్రార్థన దారిలో చేసుకుందాం.