సూర్యునికి స్వాగతము పలుకు దుర్గము

నార్వే దేశపు ఈశాన్యపు కొనయందు, బేరెంట్సు సముద్రపు టంచున వార్డో అను చిన్న దీవి కలదు. ఉత్తరధ్రువమునకు చేరువగుటచే అచట చెట్లు పెరుగుట మిక్కిలి అరుదు. ఆ దీవిపై వార్డోహుస్ దుర్గము నెలకొనియున్నది. ప్రపంచమునందలి కోటలలో మిక్కిలి ఉత్తరమున నున్నది ఇదియేయని ప్రసిద్ధి.

14వ శతాబ్ది ఆరంభమున నార్వే రాజులు తూర్పు సరిహద్దును కాపాడుకొనుటకు ఇచట తొలి కోటను కట్టించిరి. నేడు కనబడు కోట 1734-1738 సంవత్సరముల నడుమ నిర్మింపబడినది. ఇది ఎనిమిది కోణములు గల నక్షత్రమువలె నుండును.

పరరాజుల నడ్డగించుటకు కోటలు చాలును. అజ్ఞానము నడ్డగించుటకు చాలవు. 17వ శతాబ్దిలో పడవలు తుపానున మునిగినను, రోగములు వచ్చినను, అవి మంత్రగత్తెల చేతలని జనులు నమ్మిరి. నిరపరాధులను పాతకోటలో బంధించి, హింసించి, చేయని నేరము నొప్పించిరి. 1662-63 చలికాలమున బాలికలపై సైతము నిందమోపిరి. ఆ మండలమున నిట్లు ప్రాణములు కోల్పోయినవారు 91 మంది. వారిలో పెక్కుమంది స్త్రీలు. 2011లో వారి స్మృత్యర్థము సముద్రతీరమున ఒక మందిరము వెలసినది. అందు ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న కిటికీ, దానిలో ఒక్కొక్క దీపము కలవు.

విజ్ఞానము సైతము ఆ దీవికి వచ్చినది. వియన్నా నగరపు ఖగోళశాస్త్రజ్ఞుడు మాక్సిమిలియన్ హెల్ 1768లో అచటికి చేరి, చలికాలమంతయు వేచియుండెను. వేసవిలో అచట అర్ధరాత్రియు సూర్యుడు అస్తమింపడు. అందుచే 1769 జూన్ 3వ తేదీ రాత్రి, శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగుటను ఆయన పరిశీలింపగలిగెను. భూమికిని సూర్యునికిని గల దూరమును లెక్కించుటకు అట్టి పరిశీలనలు తోడ్పడినవి.

చలికాలమున స్థితి తారుమారగును. నవంబరు చివరనుండి రమారమి రెండు నెలలు సూర్యుడు కానరాడు. జనవరి 20వ తేదీ ప్రాంతమున సూర్యబింబము తొలిసారి సంపూర్ణముగా పైకివచ్చిన దినమున కోటలో ఫిరంగి మ్రోగును. ఆ ధ్వని వినగనే బడిపిల్లలకు సెలవు! పిల్లలు, పెద్దలు వెలుగును చూచి ఆనందింతురు.

ఒకనాడు భయమునకు నెలవైన ఆ దీవిలో, యుద్ధమునకై పుట్టిన ఫిరంగి నేడు వెలుగురాకను చాటుచున్నది. ఆ వెలుగులోనే తీరమునందలి 91 కిటికీలును కనబడును. చీకటిని తరుముట ఒక్క సూర్యుని పనియే కాదని, మనుష్యుల పనియునని అవి చూపరులకు తెలుపుచుండును.