అటక మీది బొమ్మలు

యూసుఫ్‌గూడలో అద్దెకుండేవాళ్లలో సినిమా కోసం వచ్చినవాళ్లే ఎక్కువ అనిపిస్తుంది. నా పాత రూమ్మేటు అలా వచ్చినవాడే. కోనసీమ కుర్రాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటు. పగలు సెట్లకు రంగులు కొట్టడం, రాత్రి గదిలో బొమ్మలు వేసుకోవడం. మా వీధి ఇస్త్రీ తాత, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి, కర్రీ పాయింట్ ఆంటీ... ఎవర్నీ వదిలేవాడు కాదు. మనుషులు దొరక్కపోతే వాళ్లూరి కాలవ, కొబ్బరిచెట్లు.

‘‘ఎప్పటికైనా జూబ్లీహిల్స్‌లో ఎగ్జిబిషన్ పెడతాను. సమోసాల ఖర్చు మాత్రం నీదే’’ అనేవాడు.

జ్వరమని ఊరెళ్లినవాడు మళ్లీ రాలేదు. అప్పటికి వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. బొమ్మల చుట్ట నా దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత మూడు ఇళ్లు మారాను. మోసుకైతే వచ్చాను గానీ ఒక్కసారీ విప్పలేదు. ధైర్యం చాల్లేదు.

ఈమధ్య ఓ పెళ్లికి రాజమండ్రి వెళ్లాను. రైలుకింకా మూడు గంటలుంది. ఎండకు తట్టుకోలేక దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలోకి అడుగుపెట్టాను. నిజం చెప్పొద్దూ, వెళ్లింది నీడ కోసమే.

లోపల గోడల నిండా మనవాళ్లే. మన ఆడవాళ్ల కట్టూబొట్టూ, మన కొండలూ, మన గోదారీ. రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని చిత్రకారుణ్ని గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని, సొంతూరికి తిరిగొచ్చి బొమ్మలు వేశారు, నలుగురికీ నేర్పారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

ఆ వయసు చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

అదే గ్యాలరీలో వరద వెంకటరత్నం చిత్రాలూ ఉన్నాయి. రామారావుకి స్నేహితుడు, ఆయనా చిత్రకారుడే. మిత్రుడు పోయాక ఆ చిత్రకళా పాఠశాలను ముందుకు నడిపింది ఆయనే. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు కూడా కుంచె పట్టినవాళ్లే. వీళ్లంతా ‘మనిషే పోయాడు, ఇంక బొమ్మలెందుకు’ అనుకుని ఉంటే? దాదాపు వందేళ్ల తర్వాత నీడ కోసం వచ్చిన నాలాంటివాడికి అక్కడ చూడ్డానికి ఏం మిగిలేది?

వేసేవాడు వేసి వెళ్లిపోతాడు. అవి బొమ్మలుగా మిగలాలా, చిత్తుకాగితాలైపోవాలా అన్నది తర్వాతివాళ్ల చేతుల్లో ఉంటుంది.

హైదరాబాద్ వచ్చిన రాత్రే అటక మీంచి చుట్ట దించాను. అంచులు పసుపెక్కాయి. రెండు బొమ్మల్ని పురుగు కొట్టేసింది. ఆ తప్పు అచ్చంగా నాదే. మిగతావి బాగానే ఉన్నాయి. ఇస్త్రీ తాత నవ్వు అలాగే ఉంది. లుంగీలో పేపరు చదువుతూ నేనూ ఉన్నాను. ఎప్పుడు వేశాడో ఏమో!

వాళ్లమ్మగారికి ఫోన్ చేశాను. అంతా విని, ‘‘వాడి బొమ్మ వాడు వేసుకోలేదా బాబూ?’’ అనడిగారు.

మళ్లీ అన్నీ తిరగేశాను. ఊళ్లో అందరి మొహాలూ ఉన్నాయి, వాడిది తప్ప. ఏం చెప్పాలో తోచలేదు. అంతలో కాలవ బొమ్మ కనిపించింది. కొబ్బరిచెట్ల కింద, రేవు మెట్ల మీద, వేలెడంత మనిషి. నీలం చీర, చంకలో బిందె.

‘‘వాడిది లేదమ్మా. కాలవ రేవులో మీరున్నారు’’ అన్నాను.

అటు నుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత, ‘‘ఎప్పుడు తెస్తావు?’’ అన్నారు.

వచ్చే ఆదివారం వెళ్తున్నాను. ఫ్రేములు కట్టించాను. దారిలో సమోసాలు కూడా కొనాలి.