అదే సినిమా, ఇంకో డిస్కు



పోయిన ఉత్తరం చివర్లో, నా దగ్గర ‘మాయాబజార్’ నాలుగు రూపాల్లో ఉందని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. దాన్ని పట్టుకుని మీలో చాలామంది ఒకటే అడిగారు: ఫోన్లో దొరికే సినిమాను నాలుగుసార్లు ఎందుకు కొనాలి? అడిగింది న్యాయంగానే ఉంది. అందుకే ఈ నెల ఉత్తరమంతా దాని గురించే.

మొదటిది క్యాసెట్టు. డెక్కు అద్దెకు తెచ్చుకునే రోజుల నాటిది. మా వైపు పెళ్ళివారింట్లో రాత్రికి టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు కలిపి తెచ్చేవాళ్ళు. రెండు కొత్త సినిమాలు, పెద్దవాళ్ళ కోసం ఒక పాతది. ఆ పాతది చాలాసార్లు ‘మాయాబజారే’. వీడియో షాపు మూసేస్తూ ఉన్న సరుకంతా అమ్మేస్తుంటే నాన్నగారు దీన్ని కొని తెచ్చారు. అప్పటికే ఎన్నో ఇళ్ళు తిరిగిన టేపు. బొమ్మ అడుగున ఒక తెల్లచార ఎప్పుడూ వణుకుతూ ఉండేది. ఘటోత్కచుడు నిలబడితే ఆయన వెనక ఏముందో తెలిసేది కాదు, అంతా నల్లటి మడుగే. పైగా మన టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు నడుస్తాయి. సినిమా తీసేదేమో 24తో. అందువల్ల క్యాసెట్టు మీద సినిమా నాలుగు శాతం వేగంగా పోతుంది. మూడు గంటలది ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది, పాట అసలు శ్రుతి కంటే కొంచెం పైన పలుకుతుంది. రేడియోలో అదే ఘంటసాల పాట కాస్త బరువుగా, నింపాదిగా ఎందుకు వినిపిస్తోందో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

రెండోది వీసీడీ, మూడు డిస్కుల సెట్టు. ఒక్కో వీసీడీలో పట్టేది 74 నిమిషాలు, మహా అయితే 80. ఎక్కడ ఆపాలన్నది కథను బట్టి కాకుండా నిమిషాలను బట్టి తేల్చేవాళ్ళు. నా సెట్టులో ఒక పద్యం నడుమ తెగిపోతుంది. లేచి డిస్కు మార్చి వచ్చి కూర్చునేసరికి ఆ రాగం మనసులో చల్లారిపోతుంది. అయినా వీసీడీలను నేను తక్కువ చేసి మాట్లాడను. 2007లో మోసర్ బేర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకూ, డీవీడీ 34 రూపాయలకూ అమ్మడం మొదలుపెట్టాక, జన్మలో సినిమా కొంటామనుకోనివాళ్ళు కూడా కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నారు.

మూడోది డీవీడీ. దీని మీద నాకు నిజంగా బాధ ఉంది. 1957 నాటి సినిమా బొమ్మ వెడల్పు తక్కువ, దాదాపు పాత టీవీ ఆకారం. ఇళ్ళలోకి వెడల్పు టీవీలు వచ్చాక పక్కల మిగిలే నల్లటి ఖాళీ బాగోదని ఎవరో అనుకున్నారు. బొమ్మను సాగదీసి పైనా కిందా కోసేశారు. ఘటోత్కచుడు వేసిన ఎస్.వి.రంగారావు గారి కిరీటం సగానికి పోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. గీతలు, మచ్చలు పోగొట్టాలని కంప్యూటర్‌తో బొమ్మనంతా నున్నగా రుద్దేశారు. ఫిల్మ్‌లో పుట్టుకతోనే సన్నటి రేణువులుంటాయి, గ్రెయిన్ అంటారు. చర్మం చర్మంలా, పట్టు పట్టులా కనిపించేది వాటివల్లే. అవి పోతే ముఖాలు మైనపు బొమ్మలవుతాయి. ఘటోత్కచుడు రూపం మార్చుకున్న మాయా శశిరేఖగా సావిత్రి గారు అతడి ఠీవినంతా కనుబొమల్లో, పెదవి విరుపులో చూపిస్తారు. ఆ విరుపు మైనంలో కలిసిపోయాక మిగిలేది కథ మాత్రమే, ఆవిడ నటన కాదు.

నాలుగోది రంగులది. హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది 2010 జనవరి 30న థియేటర్లకు తెచ్చిన ప్రతి. శబ్దం శుభ్రపడింది. మా ఇంట్లో పిల్లలు మొదటిసారి కదలకుండా కూర్చుని చూసింది దీన్నే, అందుకు నేను కృతజ్ఞతతోనే ఉన్నాను. కానీ నిడివి తగ్గింది. ఈ సినిమాలోని పడవ పాటలో వెన్నెల చూశారు కదా, అది ఆకాశంలో కాసింది కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్లీ సృష్టించింది. తెలుపుకూ నలుపుకూ మధ్య ఎన్ని మెట్లుంటాయో అన్నీ వాడి కట్టిన వెన్నెల. దానిమీద నీలం పూస్తే ఆ మెట్లు కనబడవు.

అంటే నాలుగుసార్లు కొన్నా, బార్ట్లీ పరిచిన వెలుగు ఒక్కసారి కూడా నా ఇంటికి పూర్తిగా చేరలేదు. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. కథ కోసమైతే ఒక్క ప్రతి చాలు. వెలుగు కోసమే మళ్ళీ మళ్ళీ కొంటున్నాను.

వేరే సినిమాల వెలుగు అలా పూర్తిగా చేరిన సందర్భం ఒకటుంది, అది చెప్పాలి. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు దసరాకు వస్తూ సత్యజిత్ రాయ్ ‘అపూ’ చిత్రత్రయం బ్లూరే పెట్టె తెచ్చాడు. ‘పథేర్ పాంచాలి’ (1955), ‘అపరాజితో’ (1956), ‘అపూర్ సంసార్’ (1959), మూడూ క్రైటీరియన్ సంస్థ వేసినవి. ప్లేయర్‌లో పెడితే మొదట తిరగనే లేదు. బ్లూరేల కోసం ప్రపంచాన్ని మూడు మండలాలు చేశారు. అమెరికా ‘ఏ’, యూరప్ ‘బీ’, మనం ‘సీ’. అన్ని మండలాలనూ చదివే ప్లేయర్ కొనేదాకా ఆ పెట్టెను చేత్తో తడిమి చూసుకోవడమే అయింది. మీరెవరైనా బయటినుంచి తెప్పించుకునేట్టయితే ముందు అట్ట వెనక ఆ అక్షరం చూసుకోండి. 4కె డిస్కులకు ఈ గొడవ లేదు.

ఆ మూడు సినిమాల నెగటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. రాయ్ గారు ఆస్కార్ గౌరవ పురస్కారం అందుకున్నదీ, కన్నుమూసిందీ అంతకు ముందు ఏడాదే. మసిపట్టి, వంకర్లుపోయి, అంటుకుపోయిన ఆ చుట్టలు ఇక దేనికీ పనికిరావని తేల్చాక కూడా ఆస్కార్ అకాడమీ వాళ్ళు పారేయలేదు. ఇరవై ఏళ్ళు దాచారు. ఆ తర్వాత ఇటలీలోని బొలోన్యాలో, లిమాజినె రిత్రొవాత అనే ల్యాబ్‌లో, ఎండి పెళుసెక్కిన ఫిల్మ్‌కు రసాయనాలతో తేమ పట్టించి, చుట్టలు విప్పి, అంచుల్లోని చిల్లులు ఒక్కొక్కటే చేత్తో అతికారు. దాదాపు వెయ్యి గంటల చేతిపని. ‘పథేర్ పాంచాలి’లో 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా ఆ కాలిన నెగటివ్ నుంచే వచ్చాయి. ‘అపూర్ సంసార్’ నెగటివ్‌లో మాత్రం ఏమీ దక్కలేదు. దానికోసం వేరే చోట్ల దాచిన ప్రతులు వెతికి తెచ్చారు. 2015లో మూడూ మళ్ళీ తెరకెక్కాయి, అదే ఏడాది డిస్కులుగా వచ్చాయి.

‘అపరాజితో’ను నేను అంతకుముందు రెండుసార్లు చూశాను. కాశీలో అపూ తండ్రి హరిహరుడి కుటుంబం ఉండే ఇంటి మండువా ఒక బూడిదరంగు గది, అంతే నాకు గుర్తు. ఈ డిస్కులో చూస్తే అది నిజంగా మండువా. పైనుంచి ఆకాశం వెలుగు మెత్తగా దిగుతోంది, ఎవరి నీడా నేలమీద గట్టిగా పడటం లేదు. ఆ ఇల్లు స్టూడియోలో వేసిన సెట్టు. కెమెరామన్ సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్లగుడ్డ కట్టించి, దీపాల వెలుగును దానికి తగిలించి కిందికి మళ్ళించారు. పుస్తకాల్లో ఆ సంగతి చదివినా కంటికి ఆనింది ఇప్పుడే. మా అమ్మకు బెంగాలీ రాదు, ఇంగ్లీషు ఉపశీర్షికలు చదవదు. నా పక్కన కూర్చుని, “మన పాత ఇంట్లో మండువాలో ఇలాగే ఉండేది వెలుగు” అంది. ఆ పూట ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఇక మన సంగతి. తెలుగులో తొలి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఒక్కటీ మిగల్లేదు. దానికి ఎవరూ చేయగలిగిందేమీ లేదు. కానీ మిగిలినవాటికి పని మొదలైంది. శుభ్రపరిచిన ‘శంకరాభరణం’ను 2022లో గోవా చిత్రోత్సవంలో వేశారు. 2024లో అక్కినేని నాగేశ్వరరావు గారి శతజయంతికి ఆయన సినిమాలు పది, పలు నగరాల్లో ప్రదర్శించారు. ఆ ఏడాదే పునరుద్ధరించిన ‘దేవదాసు’ గోవాలో తెరమీదికొచ్చింది. ఇవన్నీ సంతోషించాల్సినవే. అయితే ఆ నాలుగు రోజులు, ఆ ఊళ్ళలో ఉన్నవాళ్ళకే అవి దక్కాయి. హక్కులు చేతులు మారితే ఫోన్లోని సినిమా ఒక్క రాత్రిలో మాయమవుతుంది. డిస్కు మాత్రం మన అల్మరాలోనే ఉంటుంది.

‘మాయాబజార్’ ఐదోసారి కొనడానికి నేను సిద్ధం. తెలుపు నలుపుల్లో, అసలు ఆకారంలో, ఒక్క పద్యం కూడా తగ్గకుండా రావాలి. ఏ నెగటివ్ నుంచి ఏ భాగం తీసుకున్నారో అట్ట లోపల రాయాలి. 1984లో క్రైటీరియన్ వాళ్ళు ‘కింగ్ కాంగ్’ లేజర్ డిస్కు వేస్తూ, సినిమా నడుస్తుండగా పక్కనుంచి ఒకరు దాని సంగతులు చెప్పే ట్రాకు పెట్టారు. ఆ ఏర్పాటు మనకూ కావాలి. సింగీతం శ్రీనివాసరావు గారు ‘మాయాబజార్’కు దర్శకుడు కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకులుగా పనిచేసినవారు. ఆయన జ్ఞాపకాలు ఆ సినిమా వెంబడి వినిపించాలి. విదేశాల్లో పుట్టిన మన మనవలకు రచయిత పింగళి మాట అందేలా మంచి ఉపశీర్షికలూ ఉండాలి. నేను ఖర్చుకు వెనుకాడను, మీలోనూ చాలామంది వెనుకాడరని నాకు తెలుసు.

అంతవరకూ మీనుంచి ఒక సాయం కావాలి. మీ ఇంట్లో ‘మాయాబజార్’ ఏ రూపంలో ఉన్నా ఒకసారి పెట్టి మొత్తం నిడివి ఎంతో చూడండి. పేర్లతో మొదలవుతుందా, ఏ పాట దగ్గర తెగుతుంది, బొమ్మకు పక్కల నల్లటి ఖాళీ ఉందా లేదా, అన్నీ కార్డు మీద రాసి పంపండి. అన్నిటికంటే నిడివి ఎక్కువున్న ప్రతి ఎవరి దగ్గరుందో వచ్చే ఉత్తరంలో చెబుతాను.

ఉంటాను,
మీ

తా.క.: అటకమీది పాత క్యాసెట్టు తీస్తే, ముందు కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. తెల్లగా బూజు కనిపిస్తే డెక్కులో పెట్టొద్దు. అది హెడ్‌కు అంటుకుని, ఆ తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. విడిగా ఒక కవర్లో పెట్టి, పొడిగా ఉండే చోట ఉంచి నాకు రాయండి.