వెలుతురులో తాగడం

మా నిజాంపేట రోడ్డులో ఈమధ్య ఒక ఏల్ బార్ తెరిచారు. ఒకపక్క టిఫిన్ సెంటరు, ఇంకోపక్క మొబైల్ షాపు. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి కార్పొరేషన్ చేసేదాకా ఇది పంచాయతీ. తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు 2015లో నిబంధనలు తెచ్చింది. అప్పట్లో ఇలాంటివి జూబ్లీహిల్స్ వాళ్లకే అనుకునేదాన్ని. ఇప్పుడు కూరగాయలకు వెళ్లే దారిలోనే ఉంది.

స్నేహితురాలు వెళ్దామంది. విచిత్రంగా అమ్మ కూడా "నేనూ వస్తా, చూద్దాం" అంది.

ఇందులో విచిత్రం ఏమిటో చెప్పాలి. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు, అక్షరాస్యతా వాచకంలోని సీతమ్మ కథ ఊరూరా చదువుతున్నప్పుడు, అమ్మకు ముప్పై నిండలేదు. మా ఊళ్లో సారా ప్యాకెట్లు తెచ్చే జీపుకు అడ్డంగా కూర్చున్న వాళ్లలో ఆమె ఒకతె. నేను చంకలో ఉన్నానట. మా మేనమామ సారాతోనే పోయాడు. అత్త ఇద్దరు పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో పోయింది కూడా. అమ్మ దృష్టిలో మాత్రం ఆ పోరాటం ఇంకా ముగియలేదు.

అటువంటి అమ్మ లోపలికి రాగానే అన్న మొదటి మాట: "ఏంది పాపా, ఇంత వెలుగులో తాగతారా?"

నిజమే. అద్దాల గోడలు, పసుపు దీపాలు, పక్క బల్లల దగ్గర ఆఫీసు ఐడీ కార్డులు మెడలో వేసుకున్న అమ్మాయిలు. ఎవరూ మమ్మల్ని ఎగాదిగా చూడలేదు. ఆ 'చూడకపోవడం' ఎంత అపురూపమో నాకు తెలుసు. 2009లో మంగళూరు పబ్బులో అమ్మాయిల్ని జుట్టు పట్టి ఈడ్చి కొట్టిన దృశ్యాలు టీవీలో చూసినప్పుడు నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను. మద్యం అమ్మే చోట ఆడవాళ్లకు ఉద్యోగం ఇవ్వకూడదన్న ఢిల్లీలోని పాత నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది 2007లోనే. రక్షణ పేరుతో ఆడవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టకూడదన్నదే ఆ తీర్పు సారాంశం. సరదాగా గడపడం కూడా హక్కే అని క్లాసులో చాలాసార్లు చెప్పాను. ఆ హక్కును అమ్మ ఎదురుగా వాడుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

అమ్మ నిమ్మకాయ సోడా తాగుతూ, అద్దం వెనక స్టీలు ట్యాంకుల్ని చాలాసేపు చూసింది. "దీన్ని చేసేది ఆడోళ్లా, మొగోళ్లా?" అని అడిగింది.

ఆమెకు నేను ఇంగ్లండు సంగతి చెప్పాను. మధ్యయుగాల్లో అక్కడ ఏల్ కాచింది ఎక్కువగా ఆడవాళ్లే. హాప్స్ వెయ్యని ఏల్ నిలవ ఉండేది కాదు. అందుకే ఇంట్లో కొద్దికొద్దిగా కాచుకుని, మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేవాళ్లు. హాప్స్ వేసిన బీరు వచ్చాక సరుకు నిలవ ఉంది, దూరం పోయింది, పెట్టుబడి కావలసి వచ్చింది. పెట్టుబడి, సంఘాలు, లైసెన్సులు మగవాళ్ల చేతుల్లో ఉన్నాయి. 1300 నుంచి 1600 దాకా జరిగిన ఈ మార్పు మీద జుడిత్ బెన్నెట్ ఒక పుస్తకమే రాసింది.

అంతా విని అమ్మ అంది: "డబ్బులొచ్చేదాకానే అది మన పని."

నా పీహెచ్‌డీలో ఇంత పొట్టి వాక్యం ఒక్కటీ లేదు.

మర్నాడు మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఈ సంగతంతా చెప్పాను. ఆమెది పాలమూరు వైపు. ఆదివారం భర్తతో కలిసి కల్లు తాగడం ఆమెకు తప్పూ కాదు, తిరుగుబాటూ కాదు. బోనాలకు అమ్మవారికి కల్లు సాక పోసే ఇంటి మనిషి. మా కోస్తా పరువు లెక్కలు ఆమెకు లేవు. కానీ 2025 జూలైలో మాకు కూతవేటు దూరంలోని హైదర్‌నగర్, కూకట్‌పల్లి ప్రాంతాల్లో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. కల్లులో కలిపిన ఆల్ప్రజోలం పరీక్షల్లో బయటపడింది. ఆ రోజుల్లో ఆమె ఫోన్ ఎత్తేదాకా నాకు కాలూ చెయ్యీ ఆడలేదు.

ఆమె అడిగింది ఒక్కటే: "మీరు తాగేదాంట్ల ఏమున్నదో రాసి ఉంటదా మేడం?"

ఉంది. ఏ గ్లాసులో ఆల్కహాల్ ఎంత శాతమో, చేదు ఎంతో కూడా బోర్డు మీద ఉంది. ఆ గ్లాసు ఖరీదు మా ఇంట్లో ఆమె నాలుగైదు రోజుల జీతం.

సారా పోరాటాన్ని నీతిబోధగా మార్చి చెప్పడం మనకు అలవాటైపోయింది. మా ఊరి ఆడవాళ్లు అడిగింది నీతి గురించి కాదు. కూలి డబ్బు ఎటు పోతోంది, రాత్రి ఇంట్లో దెబ్బలు ఎవరు తింటున్నారు, ఎవరు బాగుపడుతున్నారు అని. వెలుతురులో నిర్భయంగా కూర్చునే హక్కు నాకు కావాలి, దాన్ని వదులుకోను. తను ఇంకెప్పుడూ రానని అమ్మ తేల్చి చెప్పింది. అదీ ఆమె హక్కే. కానీ ఏం తాగుతున్నామో తెలిసే భద్రత డబ్బున్న ఆడవాళ్లకే దొరికితే, నాకు దొరికినదాన్ని స్వేచ్ఛ అనాలా, కొనుక్కున్న సౌకర్యం అనాలా?

మద్యం లేని సంసారాల గురించి మనం చాలా రాశాం. పబ్బుకు వెళ్లే అమ్మాయి గురించీ రాస్తున్నాం. కల్లు కాంపౌండులో బల్ల మీద కూర్చున్న నలభై ఏళ్ల మనిషి గురించి నేను చదివింది చాలా తక్కువ. రాయవలసినవాళ్లలో నేనూ ఉన్నాను.