ఎడమ భుజానికి రైఫిల్

రామగుండం ప్రాంతంలో తుపాకీ కొత్త వస్తువు కాదు. ఎన్టీపీసీ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాన్ల భుజాన రోజూ కనబడేదే. ఆటగా రైఫిల్ పట్టే పిల్లలు మాత్రం ఇక్కడ తక్కువ. పట్టినవాళ్లలో చాలామందికి మొదటి మెట్టు ఎన్‌సీసీ. క్యాంపులో నేల మీద బోర్లా పడుకుని, పాయింట్ టూ టూ రైఫిల్‌తో 25 గజాల దూరంలోని కాగితం మీదికి ఐదు రౌండ్లు కాలుస్తారు. ఐదూ ఎంత దగ్గర దగ్గరగా పడితే అంత మంచి చెయ్యి అన్నమాట. దాన్నే గ్రూపింగ్ అంటారు.

మా అక్క కూతురు అలాంటి ఒక క్యాంపు నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చింది. కాల్చినవాటిలో సగం కాగితానికే తగల్లేదట. ‘నాకు గురి రాదు మామా’ అంది. అన్నం తినడం తప్ప అన్ని పనులూ ఎడమ చేత్తో చేసే పిల్ల అది. రాసేది, కత్తెర పట్టేది, బంతి విసిరేది అన్నీ ఎడమే. క్యాంపులో మాత్రం వరుసలో అందరితోపాటు రైఫిల్ బట్‌ను కుడి భుజానికే ఆనించమన్నారు. గురి రాకపోవడానికి కారణం పిల్లలో ఉందా, పట్టించిన తీరులో ఉందా అన్నది తేల్చుకోవాలనిపించింది.

జ్యోతినగర్‌లో అక్కావాళ్ల వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. కేంద్ర బలగాల్లో ఆయుధ శిక్షకుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఇద్దరం వెళ్లి విషయం చెబితే ఆయన నవ్వి, ‘చెయ్యి సంగతి తర్వాత చూద్దాం బిడ్డా, ముందు నీ కన్ను సంగతి చెప్పు’ అన్నారు.

డాబా మీదికి తీసుకెళ్లారు. అక్కడినుంచి ఎన్టీపీసీ చిమ్నీలు స్పష్టంగా కనబడతాయి. రెండు చేతులూ ముందుకు చాచి, బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి, నడుమ చిన్న సందు ఉంచమన్నారు. రెండు కళ్లూ తెరిచే ఆ సందులోంచి ఒక చిమ్నీని చూడాలి. దాన్ని చూపు తప్పనివ్వకుండా చేతుల్ని మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకోవాలి. చేతులు వాటంతటవే ఏ కంటి ముందుకొచ్చి ఆగుతాయో అది గురి చూసే కన్ను. పిల్ల చేతులు తిన్నగా ఎడమ కంటి దగ్గరికొచ్చాయి. ఎడమ కన్ను మూయగానే సందులో చిమ్నీ మాయమైంది. నేనూ చేసి చూశాను. నాది కుడి చెయ్యి, కుడి కన్ను.

అందరికీ ఇలా జతపడదని ఆయన చెప్పారు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరుంటే, ఎడమ కన్ను గట్టిగా ఉన్నవాళ్లు దాదాపు మూడోవంతు ఉంటారు. అంటే కుడిచేతివాళ్లలోనే చాలామందికి గురి చూసే కన్ను ఎడమది. నాకు ఇది కొత్త సంగతి. ఎడమచేతి షూటర్ సమస్య అనుకుని వెళ్లినది నిజానికి ప్రతి బడిలోనూ, ప్రతి వరుసలోనూ ఉన్న సమస్య. చెయ్యి ఒకటి, కన్ను ఇంకొకటి అయితే ఏం చేయాలని అడిగాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు కంటి వైపే రైఫిల్ పెట్టుకోవడం మేలన్నది ఆయన మాట. ట్రిగ్గర్ నొక్కడం ఏ చేతి వేలికైనా నేర్పొచ్చు, కంటి అలవాటు మార్చడం కష్టం. అప్పటికే చాలాకాలం మరో వైపు కాల్చినవాళ్లైతే, గురి చూడని కంటి ముందు తెల్లటి పలుచని అడ్డు పెట్టుకుంటారు. ఆ కన్ను గట్టిగా మూసుకోవడం మంచిది కాదు. ముఖం బిగుసుకుపోయి, తెరిచిన కన్ను కూడా త్వరగా అలసిపోతుంది.

తర్వాత రైఫిల్ కట్టుబడి చెప్పారు. పాయింట్ టూ టూ బోల్ట్ కుడి వైపుంటుంది. ఎడమ భుజాన పెట్టుకున్నవాళ్లు ప్రతి రౌండుకీ చెయ్యి రైఫిల్ మీదుగా అటువైపు చాచాలి, లేదా ముందు ఆనిక ఇస్తున్న కుడి చేతిని వదలాలి. బలగాలు వాడే ఇన్సాస్ రైఫిల్‌లో కాల్చిన తూటా ఖాళీ తొడుగు, అంటే ఖోఖా, కుడి వైపుకు ఎగురుతుంది. కుడిచేతివాళ్ల తల రైఫిల్‌కు ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. ఎడమచేతివాళ్ల తల కుడి పక్కకు వస్తుంది, వేడి ఖోఖా కళ్లముందే పోతుంది. కాల్పుల తీరు మార్చే చేంజ్ లివర్ కూడా కుడిచేతి బొటనవేలికి అందే చోటే ఉంటుంది. వేలమందికి ఒకే ఆయుధం, ఒకే డ్రిల్ నేర్పాల్సిన బలగాల్లో ఇలా అన్నీ కుడిచేతికే అమర్చడానికి కారణాలున్నాయి. ‘ఆటకు ఆ లెక్క లేదు. ఆటలో రైఫిల్‌నే మనిషికి తగ్గట్టు సవరించుకోవాలె’ అన్నారాయన. హైదరాబాద్ పోయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ చూసి రమ్మన్నారు.

సెలవుల్లో రామగుండం స్టేషన్‌లో రైలెక్కి వెళ్లాం. గచ్చిబౌలిలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న షూటింగ్ రేంజ్‌ని 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. లక్ష్యం మధ్యలోని పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. కాల్చేది 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్. నిలబడి, ఏ ఆనికా లేకుండా 60 షాట్లు. ఇంత సన్నని పనిలో రైఫిల్ ఒంటికి సరిపోకపోతే ఎంత సాధన చేసినా వృథా.

అక్కడి కోచ్ మా పిల్లకు రైఫిల్ వెంటనే ఇవ్వలేదు. చిమ్నీ బదులు గోడ గడియారం పెట్టి కంటి పరీక్ష మళ్లీ చేశారు. తర్వాత రెండు వైపులకూ సరిపోయే స్టాక్ (భుజానికీ చెంపకూ ఆనే భాగం) ఉన్న శిక్షణ రైఫిల్ తీశారు. క్లబ్బుల్లో కొత్తవాళ్లకు ఇలాంటివి ఉంచుతారు. అలెన్ కీ పట్టుకుని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు.

ముందు బట్ పొడవు. పొడవెక్కువైతే పిల్ల వెనక్కి వాలిపోతుంది, తక్కువైతే ముఖం సైట్‌కు అతుక్కుంటుంది. పిల్ల పొట్టిది కాబట్టి బాగా లోపలికి జరిపారు. తర్వాత చెంప ఆనే పలక, చీక్ పీస్. నేను గంటసేపు కళ్లార్పకుండా చూసింది ఈ పనినే. కుడిచేతివాళ్ల చెంప స్టాక్‌కు ఎడమ పక్కన ఆనుతుంది, అందుకే మామూలు రైఫిళ్లలో పలక అటు ఉబ్బి ఉంటుంది. ఎడమచేతివాళ్లు అదే పట్టుకుంటే చెంపకు ఆధారం దొరకదు, మెడ వంచి కన్ను సైట్‌కు తెచ్చుకోవాలి. క్యాంపులో జరిగింది దీనికి తిరగేసినది. రైఫిల్ కుడి భుజాన, గురి చూసే కన్ను ఎడమది. ఆ కన్ను సైట్ వెనక్కి రావడానికి తల పూర్తిగా స్టాక్ మీదికి వంచేసింది. కోచ్ పలకను కుడి పక్కకు జరిపి, ఎత్తు కొద్దికొద్దిగా మార్చారు. పిల్ల కళ్లు మూసుకుని చెంప ఆనించాలి, మెడ వదులు చేయాలి, అప్పుడు కళ్లు తెరవాలి. పీప్ సైట్ వలయం మధ్యలో ముందు సైట్ వలయం, దాని మధ్యలో నల్ల చుక్క వాటంతటవే కనబడాలి. కనబడకపోతే మార్చాల్సింది పలకను, తలను కాదు. అలా కనబడేదాకా ఆయన మరలు తిప్పుతూనే ఉన్నారు. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలనిపించింది.

పిడి దగ్గర కూడా చూసుకోవాల్సింది ఉంది. మ్యాచ్ రైఫిళ్ల పిడి అరచేతి ఆకారానికి చెక్కి ఉంటుంది. కుడిచేతి పిడిని ఎడమ చేత్తో పట్టుకుంటే ఉబ్బు అవతలి వైపు పోతుంది, మణికట్టు తిరుగుతుంది, వేలు ట్రిగ్గర్‌ను పక్కకు లాగుతుంది. ఎడమచేతి పిడి విడిగా తెప్పించుకోవాలి. లోడింగ్ లివర్‌ను కొన్ని నమూనాల్లో అటూ ఇటూ మార్చుకోవచ్చు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇది.

నిలబడే తీరు మొత్తం అద్దంలో చూసినట్టు మారుతుంది. కుడి పక్క లక్ష్యం వైపు, కుడి మోచేయి కుడి తుంటి ఎముక మీద, రైఫిల్ బరువు కండరాల మీద కాక ఎముకల మీద. బిగుతు కాన్వాసు జాకెట్ దగ్గర మళ్లీ ఇబ్బంది. కుడిచేతి జాకెట్‌కు మెత్తలు కుడి భుజాన, ఎడమ మోచేతి దగ్గర ఉంటాయి. మా పిల్లకు సరిపోయేది ఆ రోజు దొరకలేదు, జాకెట్ లేకుండానే నిలబడింది. చేతి తొడుగు కుడి చేతికి.

లేన్ విషయం నేనెప్పుడూ ఊహించలేదు. కుడిచేతి షూటర్లు నిలబడితే వాళ్ల ముఖాలు కుడి వైపుంటాయి, ఎడమచేతివాళ్ల ముఖం ఎడమ వైపు. వరుస మధ్యలో నిలబెడితే ఎడమ పక్క లేన్ వాళ్లతో ఎదురెదురుగా పడతారు, చూపు చెదురుతుంది. కోచ్ పిల్లను ఎడమ చివరి లేన్‌లో నిలబెట్టారు. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు.

ఆ రోజు పెల్లెట్లు పది మీద పడలేదు. కానీ అన్నీ ఒక్కచోటే పడ్డాయి, నల్ల చుక్కకు కొంచెం కింద. సైట్ తిప్పితే సరిపోయే తేడా అది. పిల్ల ముఖం చూసి నాకు మాట రాలేదు.

విశ్రాంతిలో కోచ్ కారోయ్ తకాచ్ గురించి చెప్పారు. హంగరీ సైనికుడు, పిస్టల్ షూటర్. 1938లో గ్రెనేడ్ పేలి కుడి చెయ్యి పోయింది. ఎడమ చేత్తో మళ్లీ మొదట్నుంచి నేర్చుకుని 1948లోనూ 1952లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. గొప్ప కథే. కానీ ఆయనకు వేరే దారి లేదు. రెండు చేతులూ బాగున్న పిల్లను పనిగట్టుకుని రెండో వైపుకు తిప్పడానికి ఆ కథను సాకుగా వాడకూడదు.

మన ప్రాంతంలో పిల్లల్ని ఈ ఆటలో పెట్టాలనుకునే తల్లిదండ్రులకు కొన్ని మాటలు. 0.177 అంగుళాలకు మించని బోరు, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. పాయింట్ టూ టూకు కావాలి. విదేశీ మ్యాచ్ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి తొందరపడి కొనొద్దు. ముందు క్లబ్బు రైఫిల్‌తో కొన్ని నెలలు కాల్చనివ్వండి. చవగ్గా వస్తోందని కుడిచేతి సెకండ్ హ్యాండ్ రైఫిల్ తెచ్చి ఎడమచేతి పిల్లకు అంటగట్టొద్దు. పిడి, జాకెట్ మళ్లీ కొనాల్సి వస్తే ఆ చవక మిగలదు.

ఎన్‌సీసీ క్యాంపులు నడిపే అధికారులకూ, బడుల్లోని పీఈటీ సార్లకూ ఒకటే విన్నపం. పిల్లల్ని ఫైరింగ్ లైన్ మీద పడుకోబెట్టే ముందు కంటి పరీక్ష చేయండి. ఒక్కొక్కరికి అర నిమిషం చాలు, పైసా ఖర్చు లేదు. ఎడమ కన్ను అని తేలిన పిల్లల్ని ఎడమ భుజంతోనే కాల్చనివ్వండి.