ఆరు గప్పీలు, ఒక తాబేలు

పొద్దున్నే మా అన్నయ్య కొడుకు అరుపు. "బాబాయ్, గప్పీలు లేవు!"

రాత్రి పడుకునేటప్పుడు ఆరు. ఇప్పుడు రెండు.
గులకరాళ్ల మధ్య ఒక తోక ముక్క.
పైన రాయెక్కి మెడ చాచుకుని కూర్చుంది మన పెద్దమనిషి. అరచేతిలో సగం లేదు, కళ్ల వెనక ఎర్ర చార. మొన్న మావాడే దాన్ని బందరులో కొనుక్కొచ్చాడు. "చేపల్తో కలిపి పెంచుకో, ఏమీ అనదు" అన్నాడట అమ్మినాయన.

మా అమ్మ చూసి "పాలకి పిల్లిని కాపలా పెట్టారు" అనేసి కాఫీ కలపడానికి వెళ్లిపోయింది.

వాడి ప్రశ్నే నన్ను పట్టుకుంది.
"మన మొవ్వ చెరువుల్లో చేపలూ తాబేళ్లూ కలిసే ఉంటాయిగా?"

ఉంటాయిరా. అక్కడ చేప పారిపోవడానికి చోటుంది, దాక్కోడానికి గుర్రపుడెక్క ఉంది. రెండడుగుల అద్దాల పెట్టెలో ఎటు పోతుంది?

"పోనీ, కాలవలో వదిలేద్దాం."
వద్దన్నాను. ఇది అమెరికాలో మిసిసిపీ నది వైపు జాతి. మన కాలవల్లో పడితే మన తాబేళ్ల తిండికీ చోటుకీ పోటీ. పైగా 20, 30 ఏళ్లు బతుకుతుంది, దాదాపు అడుగు దాకా పెరుగుతుంది. వీడి పెళ్లికీ ఉంటుందన్నమాట!

ప్రస్తుతానికి గప్పీలు సీసాలో, అది టబ్బులో. వేరు కాపురాలు.

మీలో ఎవరైనా పెంచుతున్నారా? నీళ్లు ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారు? కాస్త చెప్పండి, టబ్బు అప్పుడే వాసనొస్తోంది.