నాయనమ్మ పాట – నేను విప్పిన డబ్బా

మా ఇంట్లో ఒక క్యాసెట్టు ఉంది. 1996లో మా బాబాయి పెళ్ళికి ఎవరో తెచ్చిన టేప్‌రికార్డరులో మా నాయనమ్మ చేత పాడించిన పాటలవి. ఒకవైపు పెళ్ళిపాటలు, రెండోవైపు నాట్లప్పుడు పాడుకునేవి. మాది సాగర్ కుడికాలువ కింద పల్లె. నాయనమ్మ పోయి రెండేళ్ళయింది. రాత్రిపూట పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నాక నాన్న ఆ పాటలు వింటాడు. టేపు ఎక్కడ తెగిపోతుందోనన్న భయంతో మొదటి సంవత్సరం సెలవుల్లో దాన్ని నేనే కంప్యూటరులోకి ఎక్కించాను. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం వచ్చేది కాదు.

కంప్యూటరులో పాట ఉండదు, అంకెలుంటాయి. సి.డి. లెక్క ప్రకారం సెకనుకు 44,100 అంకెలు. ఒక్కొక్కటి 16 బిట్లు, అంటే 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు. ఆ అంకెలను మళ్ళీ వోల్టేజీగా మార్చి ఆంప్లిఫయరుకు అందించే సరంజామాను ‘డ్యాక్’ అంటారు. అలాంటి చిన్న డబ్బా ఒకటి తొమ్మిది వందలకు తెప్పించి, ఇంట్లో ఉన్న పాత ఆంప్లిఫయరుకు తగిలించి పాట పెట్టాను. నాయనమ్మ గొంతు కింద ‘గుంయ్’మని ఒకటే మోత!

“ఏందిరా, మీ నాయనమ్మ తుమ్మెదల మధ్యన కూచుని పాడుతోందా?” అన్నాడు నాన్న.

ఫిజిక్సు చదివే కొడుక్కి అంతకంటే అవమానం ఏముంటుంది చెప్పండి!

హాస్టలుకు రాగానే పదిమందినీ అడిగాను, పది చోట్ల చదివాను. చవక డబ్బాలో చవక సామాను వేస్తారు, అది పీకేసి మంచిది వేస్తే పాట దానంతటదే బాగుపడుతుందని అందరిదీ ఒకటే మాట. లోపలున్న 4558 అనే ఆప్-ఆంప్ తీసి 5532 పెట్టాలట. బయటికి వచ్చే దారిలో ఉన్న 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు తీసి 100వి వేయాలట. సోల్డరింగ్ ఐరనూ, సీసమూ, సామానూ అన్నీ కలిపి పద్దెనిమిది వందలు తేలింది.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. రికార్డులకూ ప్రాక్టికల్సుకూ కావాలని నాన్నకు ఫోన్ చేశాను. అది 2025. మిర్చి ధర పడిపోయి, మా బస్తాలు కోల్డ్ స్టోరేజీలో మూలుగుతున్నాయి. అయినా మర్నాటికల్లా డబ్బు పంపాడు. ఎక్కడ సర్దాడో నేను అడగలేదు.

ఒక ఆదివారమంతా కూచుని డబ్బా విప్పాను. ఐరన్ కాస్త ఎక్కువసేపు ఆనించేసరికి కెపాసిటర్ కాలితోపాటు బోర్డు మీది రాగి రేకు కూడా ఊడి వచ్చింది. ప్రాణం పోయినంత పనైంది. వెంట్రుకలాంటి తీగతో అతికించి ఎలాగో బతికించాను. రూమ్మేటు దగ్గరున్న బ్యాటరీ స్పీకరుకు తగిలిస్తే మోత లేదు! పైగా గొంతు విచ్చుకున్నట్టూ, ఊపిరి కూడా వినిపిస్తున్నట్టూ తోచింది. నా అంతవాడు లేడనుకున్నాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళి, అందరినీ కూచోబెట్టి పాట పెట్టాను. మళ్ళీ అదే ‘గుంయ్’!

నాన్న నవ్వలేదు. లేచి, తీగెల వెంబడి వంగి చూసుకుంటూ వెళ్ళాడు. ఆంప్లిఫయరు ప్లగ్గు వసారాలో, మోటారు స్టార్టరు లైను మీద ఉంది. దాని ఎర్తు బోరు పక్కన పాతిన కడ్డీకి పోతుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు నడింట్లో ఉంది. దానిది పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఎర్తు.

“రెండు మళ్ళల్లో నీళ్ళు ఒకే మట్టాన ఉంటాయంట్రా? మధ్యన గట్టుకి గండి కొడితే పారవా? ఆ గండి నీ వైరే” అన్నాడు.

మా క్లాసులో దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. రెండు ఎర్తుల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా, ఆ 50 హెర్ట్జ్‌ల కరెంటు పాట వచ్చే వైరు తొడుగులోనుంచే పారుతుంది. పాట మొత్తం ఒకటి రెండు వోల్టుల వ్యవహారం, కొన్ని మిల్లీవోల్టుల మోతైనా చెవికి తెలిసిపోతుంది. హాస్టల్లో బ్యాటరీ స్పీకరుకు ఎర్తే లేదు, అందుకే మోతా లేదు. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టాం. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. (మోత పోవడానికి ఎర్తు పిన్ను కత్తిరించమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. ప్రాణం తీసే సలహా అది, వినకండి.)

మరి నా పద్దెనిమిది వందల మాటేమిటి? అది కూడా తేల్చుకుందామని, విప్పని అదే రకం డబ్బాను ఒక మిత్రుణ్ణి అడిగి వెంట తెచ్చుకున్నాను. శబ్దం రవ్వంత ఎక్కువున్నది మేలనిపిస్తుంది కనుక, 100 హెర్ట్జ్‌ల స్వరం పెట్టి రెండింటి వోల్టేజీనీ మీటరుతో సమానం చేశాను. చెల్లి దుప్పటి చాటున నాణెం ఎగరేసి, ఏది పడితే అది పెట్టింది. పదహారు సార్లలో తొమ్మిది సరిగ్గా చెప్పాను. కళ్ళు మూసుకుని ఊహించినా సగటున ఎనిమిది వస్తాయి. కనీసం పన్నెండు వస్తే ఏదో తేడా ఉందనుకోవచ్చు.

“అన్నయ్యా, నీకంటే బొమ్మాబొరుసే నయం” అంది చెల్లి.

ఆ రాత్రి లెక్క కట్టాను. 10 మైక్రోఫారడ్‌లు, ఎదుట 10 కిలో ఓమ్‌లు అనుకుంటే కోత పడేది 1.6 హెర్ట్జ్ దగ్గర. మనిషి చెవి మొదలయ్యేదే 20 దగ్గర. 16 బిట్లకు నిశ్శబ్దానికీ హోరుకూ మధ్య 96 డెసిబెల్స్ ఎడం ఉంటే, మామూలు క్యాసెట్టుకు యాభై, అరవై. ఆ టేపులోని ‘స్‌స్’ శబ్దాన్ని ఏ ఆప్-ఆంప్ తీసేస్తుంది? ఈ లెక్క సెకండియర్ కుర్రాడు పది నిమిషాల్లో కట్టగలడు. నేను కట్టింది ఐరన్ చల్లారిన తర్వాత!

డబ్బాలు విప్పడం దండగ అని నేననను. ఆ కెపాసిటర్ 0.47 మైక్రోఫారడే అయితే కోత 34 హెర్ట్జ్ దగ్గర పడేది. అప్పుడు మార్చడంలో అర్థముంది. యు.ఎస్.బి. ఐదు వోల్టుల్లో రొద ఉంటే మంచి రెగ్యులేటరు వేయడమూ న్యాయమే. కాకపోతే ముందు జబ్బేమిటో తెలియాలి. పైరు ఎండుతుంటే మా నాన్న ముందు వేరు పీకి చూస్తాడు, ఆ తర్వాతే మందు కొట్టుకు వెళతాడు. నేను నేరుగా కొట్టుకే వెళ్ళాను.

మర్నాడు నాన్నతో ఆ డబ్బు సంగతి నిజం చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు.

“ఆ డబ్బుతో ఒక విడత మందు కొట్టుకునేవాణ్ణి” అన్నాడు చివరికి. “పాట కోసమని చెప్తే ఇయ్యనట్రా? రికార్డులని ఎందుకు చెప్పావు?”

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ సెలవులు అయ్యేదాకా పొద్దున్నే లేచి ఆయన వెంట పొలానికి వెళ్ళాను, అంతే.

ఆ రాత్రి మామూలుగానే కాళ్ళు కడుక్కుని వచ్చి, మంచం మీద కూచున్నాడు.

“ఆ రెండోవైపు పాటలు పెట్టు” అన్నాడు.